మరకతములోని మచ్చ



మొన్న తిరువాభరణముల దర్శనము ముగిసిన పిమ్మట ఒక భక్తుడు మమ్ములను పక్కకు పిలిచి, "అయ్యా! స్వామివారి పతకము నడుమనున్న పచ్చలో మబ్బుతెర వంటిది కనబడుచున్నది. దోషమున్న రత్నమును దేవునికి పెట్టవచ్చునా?" అని అడిగినారు. ఒక్క మాటలో బదులు చెప్పి పంపివేయవచ్చును. కాని ఇటువంటి ప్రశ్నకే నలుబది సంవత్సరముల క్రితము మేము తొందరపడి ఒక తీర్పు చెప్పి, ఆ తప్పును నేటికిని మోయుచున్నాము. కనుక ఈనాటి ప్రసంగమును పచ్చరాతికే కేటాయించుచున్నాము. ముందుగా మా తప్పును చెప్పి, తరువాత ఆ రాతి చరిత్రను చెప్పెదము.

అప్పటికి మాకు ముప్పది దాటి ఎంతో కాలము కాలేదు. వేదాధ్యయనము ముగించి, రత్నపరీక్షను గూడ గురుముఖమున కొంత చదివినాము. కంఠస్థమైనదంతయు తెలిసినదే యని భ్రమపడు వయస్సది. గోదావరి తీరమున ఒక గ్రామములోని రామాలయమునకు కల్యాణ పతకము చేయించుచు, నడుమ పొదుగుటకు తగిన పచ్చను ఎంచుమని మమ్ములను పిలిచినారు. రెండు రాళ్ళు మా ముందుకు వచ్చినవి. ఒకటి సంపన్న గృహస్థు తెచ్చినది. చిక్కని ఆకుపచ్చ రంగు, కంటికి ఎక్కడా మరక లేదు, కదిపినంతనే మెరయుచున్నది. రెండవది ఒక వృద్ధ వితంతువు తెచ్చినది. ఆమె తల్లిగారి పాత అడ్డిగ నుండి ఊడదీసినది. నడుమ వెలవెలబోయి యున్నది. లోపల పొగమంచు వంటి చార, ఒక మూల చిన్న చీలిక.

మేము శ్లోకములు చదివినాము. నారబట్టతో రుద్దినాము. అరచేతిలో పెట్టి బరువు చూచినాము. మొదటిది సలక్షణమనియు, రెండవది సదోషమనియు పదిమందిలో ప్రకటించినాము. ఆ తల్లి వాదింపలేదు. "సరే నాయనా, స్వామికి మంచిదే ఉండాలి గదా" అని రాతిని తీసికొని, మంటపము మెట్టు మీద నిలిచి కొంగున ముడివేసికొన్నది. ముడివేయు క్షణమున ఎండ సోకి ఆ రాయి లోపల నుండి బంగారు పొడి చల్లినట్లు ఒక్కసారి వెలిగినది. మేము చూచినాము. చూచియు ఊరకున్నాము.

ఇక శాస్త్రము ఏమి చెప్పినదో చూతము. పచ్చకు మన భాషలో మరకతము, గారుత్మతము, అశ్మగర్భము, హరిన్మణి అను పేర్లున్నవి. గారుత్మతమనగా గరుత్మంతునికి సంబంధించినది. గరుడ పురాణములోని కథ ప్రకారము, దానవరాజు దేహము నుండి రత్నములు పుట్టిన వేళ వాసుకి ఆతని పిత్తమును తీసికొని ఆకాశమార్గమున పోవుచుండగా గరుత్మంతుడు అడ్డగించెను. వాసుకి విడిచిన ఆ పిత్తము పడిన చోట మరకతపు గని ఏర్పడినది. నవగ్రహములలో బుధునికి ఈ రత్నమునే చెప్పుదురు.

క్రీస్తుశకము 6వ శతాబ్ది వాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో చిలుక, వెదురాకు, అరటి, దిరిసెన పూవు కాంతులతో మరకతమును పోల్చి, దేవకార్యములకును పితృకార్యములకును అది మిక్కిలి శుభప్రదమని చెప్పినాడు. గరుడ పురాణము మరింత వివరముగా చెప్పినది. మేలైన మరకతము గాఢమైన ఆకుపచ్చ రంగుతో, కిరణముల అల్లికతో, లోపల కాంచన చూర్ణము నిండినట్లు కనబడవలెనట. రంగు మాత్రమే చాలదు, దీప్తి లోపల నిలువవలెను. మెరుపు వెలుగు సోకిన లేత పచ్చికతో ఆ దీప్తిని పోల్చినది. గరుకైనది, మలినమైనది, రాతి పలుకులు కలిసినది, శిలాజతువు పూసినది పనికిరాదని చెప్పినది. నకిలీ రాతిని నారబట్టతో తుడిచిన కాంతి కోల్పోవుననియు, గాజును తేలికదనమును బట్టి గుర్తింపవచ్చుననియు పరీక్షలు కూడ చెప్పినది.

కాంచన చూర్ణము వంటి లోపలి వెలుగు అను లక్షణమును ఆనాడు మేమే చదివి వినిపించినాము. అదే లక్షణము మంటపము మెట్టు మీద మా కంటబడినప్పుడు గుర్తింపలేదు. ఏల గుర్తింపలేదో తెలియవలెనన్న రాతిలో వెలుగు ఎట్లు నడచునో కొంచెము తెలియవలెను.

రాతికి స్వయముగా వెలుగు లేదు. బయటి వెలుగు పైముఖము గుండా లోనికి పోయి, వంగి, అడుగు పలకలను తాకి, మరల మన కంటికి తిరిగి వచ్చినప్పుడే రాయి వెలిగినదందుము. వెలుగును వంచు శక్తి వజ్రమునకు 2.42, పచ్చకు సుమారు 1.58. ఈ భేదము వలన, వజ్రములో అడుగు పలకకు నిట్టనిలువు గీత నుండి సుమారు 24 డిగ్రీలకు మించి వాలి తగిలిన కిరణము లోపలికే తిరుగును. పచ్చలో ఆ వాలు 39 డిగ్రీలకు పైబడవలెను. అనగా పచ్చను చెక్కువాడు అడుగుభాగపు వాలు విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. అడుగు చదునైనచో కిరణము తిరిగి రాక క్రిందికి జారిపోవును. అట్టి రాతిని అచ్చు కాగితము మీద పెట్టిన దాని నడుమగా అక్షరములు కనబడును. అడుగు మరీ లోతైనచో రాయి చీకటిగా తోచును. చిక్కని రంగు గల రాతిని కొంత పలుచగాను, లేత రంగు దానిని కొంత లోతుగాను చెక్కుట అనుభవజ్ఞుల పద్ధతి.

రంగు సంగతి మరియొకటి. పచ్చ గనిలో ఆరు పలకల కడ్డీగా పెరుగును. ఒక దిక్కు నుండి చూచిన పసుపు ఛాయ కలిసిన ఆకుపచ్చ, మరియొక దిక్కు నుండి చూచిన నీలి ఛాయ కలిసిన ఆకుపచ్చ అదే రాతిలో కనబడును. ఏ దిక్కును పైముఖముగా ఎంచవలెనో చెక్కువాడే నిర్ణయించును. ఈ రంగుకు మూలము రాతిలో అతి స్వల్పముగా చేరిన క్రోమియము, వెనేడియము అను ధాతువులు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వోకెలిన్ 1797లో క్రోమియమును కనుగొని, మరుసటి సంవత్సరము పచ్చను పరిశోధించి, అందు బెరీలియము అను మరియొక ధాతువు గలదని తేల్చినాడు.

పచ్చ గట్టిదనము కొలమానమున ఏడున్నర నుండి ఎనిమిది వరకుండును. అయినను లోపలి చీలికల వలన అది పెళుసు. మూలలు సులభముగా విరుగును. అందుచేతనే పాశ్చాత్యులు మూలలు నరికిన దీర్ఘచతురస్రముగా, చుట్టును మెట్లు మెట్లుగా పలకలు తీర్చి చెక్కు పద్ధతిని స్థిరపరచినారు. ఆ పద్ధతికి పచ్చ పేరే పెట్టినారు. మన దేశపు పనివారి దృష్టి వేరు. రాతి బరువును వృథా చేయరాదని వారు గుండ్రపు పూసలుగా, చదునైన బిళ్ళలుగా మలచి, వానిపై పూలను లతలను చెక్కినారు. హిజ్రీ 1107, అనగా క్రీస్తుశకము 1695–96 నాటి శాసనము గల మొగలాయి పచ్చ 217.80 కారెట్ల బరువుతో నేటికిని నిలిచి యున్నది. దాని ఒక ముఖము మీద ప్రార్థన, మరియొక ముఖము మీద పూలు చెక్కబడినవి. అది పలకల మెరుపు కొరకు చెక్కిన రాయి కాదు. చదునైన రాళ్ళను కుందనములో మూసి పొదుగునపుడు మన కంసాలులు క్రింద పలుచని రేకు పరచెడివారు. క్రిందికి జారిన వెలుగును ఆ రేకు పైకి పంపెడిది.

ఆ తల్లి రాయి ఏల వెలవెలబోయినదో ఇప్పుడు మీకు బోధపడి యుండును. రేకు మీద కూర్చొనుటకు చెక్కిన పాత రాతిని ఊడదీసి, ఒంటరిగా అరచేతిలో పెట్టి మేము తీర్పు చెప్పినాము.

మరి ఈ రాళ్ళు మనకు ఎచ్చటనుండి వచ్చినవి? గరుడ పురాణము మరకతపు గనిని బర్బరుల నేలకు ఆవల, సముద్రతీరమునకు చేరువన చెప్పినది. ఈజిప్టు దేశమున నైలు నదికిని ఎర్ర సముద్రమునకును నడుమ గల ఎడారిలో సికాయిత్ అను చోట రోమనుల కాలపు పచ్చ గనులు ఈనాటికిని కనబడుచున్నవి. గ్రీకులు పచ్చను స్మరాగ్దోస్ అనిరి. మరకత శబ్దమునకును దానికిని గల పోలికను పండితులు ఎత్తి చూపినారు. మన దేశములోనే రాజస్థానమున ఉదయపూరు ప్రాంతములో పచ్చలు బయటపడినది 1943లో. అంతకు పూర్వము మన రాజుల కోశాగారములలోని మేలి పచ్చలు ఎక్కువగా సముద్రములు దాటి వచ్చినవే.

అన్నిటికంటె దూరము నుండి వచ్చినవి దక్షిణ అమెరికాలోని నేటి కొలంబియా దేశపు పచ్చలు. అచ్చటి ముయిస్కా జాతివారు పచ్చలను బంగారముతో పాటు గ్వటవీటా అను సరస్సులో దైవమునకు సమర్పించెడివారు. 1537లో స్పెయిను సైనికులు చివోర్ గనుల జాడ తెలిసికొనిరి. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున మూసో గనులు వారి వశమైనవి. స్థానికులను బలవంతముగా గనులలోకి దింపి పని చేయించిరి. వేలకొలది జనులు ఆ శ్రమచేతను, క్రొత్త రోగములచేతను నశించిరి. అట్లు తీసిన పచ్చలు కొన్ని స్పెయిను మీదుగా, కొన్ని పసిఫిక్ మహాసముద్రము దాటి ఫిలిప్పీను దీవుల మీదుగా మన దేశమునకు చేరినవి. 17వ శతాబ్దిలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, పచ్చలు తూర్పు దేశములలో పుట్టునను మాట పొరపాటనియు, అవి అమెరికా నుండి వచ్చుచున్నవనియు వ్రాసినాడు.

ఆ వర్తకుని మాటకు 2000వ సంవత్సరమున శాస్త్రీయమైన బలము చేకూరినది. రాతిలోని ప్రాణవాయువు యొక్క తేలిక పరమాణువులకును బరువు పరమాణువులకును గల నిష్పత్తి ఒక్కొక్క గనికి ఒక్కొక్క తీరున నుండును. ఆ నిష్పత్తిని కొలిచి పాత పచ్చల పుట్టుక తెలిసికొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుల పరిశోధన ఆ సంవత్సరము 'సైన్స్' పత్రికలో వెలువడినది. వారు పరీక్షించిన వానిలో హైదరాబాదు నిజాము కోశాగారపు పచ్చలును ఉన్నవి. 18వ శతాబ్దిలో మన దేశమున చెక్కిన మేలి పచ్చలలో అధికభాగము కొలంబియావేనని తేలినది. రోమనుల కాలమున గాల్ దేశములో ధరించిన ఒక చెవిపోగు పచ్చ, నేటి పాకిస్తానులోని స్వాత్ లోయ నుండి పోయినదని కూడ తేలినది.

తెలుగు భక్తునికి ఇచ్చట భద్రాద్రి గుర్తుకు రాక మానదు. కంచెర్ల గోపన్నగారు చెరసాలలో పాడుకొన్న కీర్తనలో భరతునికి పచ్చల పతకము చేయించిన మాట యున్నది. తానీషా గోల్కొండను ఏలినది 1672 నుండి 1687 వరకు. అది కొలంబియా పచ్చలు మన విపణికి ధారాళముగా వచ్చిన కాలము. ఆ పతకపు రాళ్ళ పుట్టుకను ఎవరును పరీక్షించినట్లు మేము ఎరుగము. కాని కాలమును బట్టి చూచిన, ఎవరో ముక్కు మొగము తెలియని కూలివాడు కొండ చీకటిలో తీసిన రాయి రెండు మహాసముద్రములు దాటి భరతస్వామి వక్షమును చేరి యుండుట అసంభవము కాదు. స్వామికి ఆభరణము పెట్టునపుడు ఆ కూలివానికి గూడ మనస్సులో ఒక నమస్కారము చేయుట ధర్మమని మాకు తోచును.

ఇక మా కథకు తిరిగి వత్తము. మూడు సంవత్సరములు గడచిన పిమ్మట ఆ పతకము కుందనము సడలి, మరమ్మతుకు జయపురములో పని నేర్చిన ఒక రత్నశిల్పి చేతికి వచ్చినది. మేమును అచ్చటనే యున్నాము. అతడు భూతద్దము పెట్టి చాలసేపు చూచి, "అయ్యా, ఇది భూమిలో పుట్టిన పచ్చ కాదు, కొలిమిలో పుట్టినది" అన్నాడు. మేము శ్లోకము చదివినాము. అతడు నవ్వక, మర్యాదగా చెప్పినాడు. "కంటికి మచ్చ లేకపోవుటయే నాకు మొదటి అనుమానమండి. భూమిలో పుట్టినవానిలో అంత నిర్మలమైనవి బహు అరుదు. అద్దములో చూస్తే మెలికలు తిరిగిన పలుచని తెరలున్నవి. అవి కొలిమి గుర్తులు."

1930వ దశకము నుండియే అమెరికాలో చాథమ్ అనువాడు పచ్చను కృత్రిమముగా పెంచు విధానమును సాధించినాడు. తరువాత మరికొందరు సాధించినారు. అది గాజు కాదు. రసాయనము అదే, రంగు అదే, బరువులో భేదము చేతికి తెలియదు, నారబట్టతో తుడిచిన కాంతి తగ్గదు. మేము చేసిన పరీక్షలన్నిటను అది నెగ్గినది. శాస్త్రము అబద్ధమాడలేదు. అది తన కాలమునకు తెలిసిన మోసములను పట్టుకొను ఉపాయములు చెప్పినది. కంటితో, చేతితో, బుద్ధితో పరీక్షింపుమనుట దాని ఆంతర్యము. మేము అక్షరమును పట్టుకొని ఆంతర్యమును విడిచినాము. ఆ రాతిని తెచ్చిన గృహస్థును గూడ తప్పు పట్టలేము, ఆయనయు మోసపోయినవాడే.

ఆ శిల్పిని మేము మచ్చలను గూర్చి అడిగినాము. ఆయన చెప్పినదియు, తరువాత మేము పెద్దల వలన తెలిసికొన్నదియు కలిపి చెప్పెదము. కొలంబియా పచ్చలు సుమారు 3 కోట్ల నుండి ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రితము నల్లని పలకరాతి చీలికలలో, ఉప్పునీరు పారిన చోట ఏర్పడినవి. రాయి పెరుగునపుడు ఆ నీటి బొట్టు లోపల చిక్కుకొనును. చల్లారిన పిమ్మట ఆ బొట్టులో ఒక గాలి బుడగయు, ఒక చదరపు ఉప్పు స్ఫటికమును విడివడును. భూతద్దములో, సూక్ష్మదర్శినిలో ఆ మూడును ఒకే గూటిలో కనబడును. మనము మబ్బు అనునది, మంచు అనునది చాలవరకు ఇట్టి గూళ్ళ సమూహమే. పాశ్చాత్యులు దానిని తోట యని ముద్దుగా పిలుతురు. రాయి ఎచ్చట, ఎట్లు పుట్టినదో చెప్పు జాతకము అదియే.

అట్లని ప్రతి మచ్చయు మేలని చెప్పరాదు. పైవరకు వచ్చిన చీలిక రాతిని బలహీనపరచును. మబ్బు మితిమీరిన వెలుగు లోనికి పోదు. చీలికలు కనబడకుండ దేవదారు జాతి నూనెలను ఎక్కించుట పాతకాలము నుండి ఉన్నది. ఇప్పుడు జిగురులు గూడ ఎక్కింతురు. చెప్పి అమ్మిన అది వ్యాపారము, దాచి అమ్మిన మోసము. శిలాజతువు పూసినదానిని మన పురాణము నిందించుట ఈ సందర్భమున గమనింపదగినది. కనుక బుధగ్రహ ప్రీతికి పచ్చను కొనువారు, అది భూమిలో పుట్టినదా, దానికేమి ఎక్కించినారు అను రెండు సంగతులు తెలుపు పరీక్షాపత్రమును అడిగి తీసికొనవలెను. ఆలయములలో పచ్చల ఆభరణములను వేడినీటితోను సబ్బుతోను కడుగరాదు, లోపలి నూనె పోయి చీలికలు బయటపడును. మరమ్మతు చేయునపుడు పచ్చ పొదిగిన చోటికి మంట తగులనీయరాదు.

ఆ రోజుననే మేము ఆ వృద్ధురాలి ఇంటికి పోయినాము. ఆమె గతించి అప్పటికి సంవత్సరము దాటినది. రాయి ఏమైనదని కుమార్తెను అడిగినాము. "శాస్త్రులుగారే దోషమున్నదన్నారు గదా అని, పిల్లవాని చదువుకు అక్కర పడితే వచ్చిన ధరకు ఇచ్చివేసినామండి" అన్నది. ఆమె మాటలో నిష్ఠూరము లేదు. మాకు మాట రాలేదు. ఆ రాయి నిజముగా మేలైనదేనని మేము ఇప్పుడు రుజువు చేయలేము. కాని దానిని తోసివేయుటకు మేము చెప్పిన కారణము కారణమే కాదని మాత్రము రూఢిగా తెలిసినది. ఆమె ఇయ్యదలచినది ఆమెకు మిగిలిన ఒకే ఒక వస్తువు. ఆలయమునకు పోయి పెద్దలందరి ఎదుట మా తప్పును ఒప్పుకొన్నాము. అంతకు మించి మేము చేయగలిగినది లేకపోయినది.

ఇప్పుడు ఆ భక్తుని ప్రశ్నకు సమాధానము. నాయనా! స్వామి పతకములో నీవు చూచిన మబ్బు ఆ రాయి భూగర్భమున కోట్ల సంవత్సరములు గడిపి వచ్చినదనుటకు గుర్తు అయి యుండవచ్చును. దానిని చూచి మనస్సు కలత పెట్టుకొనవలదు. సాయంకాల హారతి వేళ పడమటి ఎండ మంటపములోనికి వచ్చినప్పుడు మరల ఒకసారి దర్శనము చేసికొనుము. ఆ మబ్బు వెనుక నుండి వెలుగు ఎట్లు వచ్చునో నిదానముగా చూడుము. మేము ఒకనాడు చూచియు తలత్రిప్పుకొన్నాము. నీవు అట్లు చేయకుము.

స్వస్తి.